సీసానా, ఉగ్గుగిన్నెనా, రొమ్మా? నెలలు నిండని బిడ్డకు నోటితో పాలు మొదలుపెట్టేముందు

పోయిన ఎండాకాలం కొత్తపట్నం నుంచి వచ్చిన ఒక బాలింత డిశ్చార్జ్ కాగితాలు చంకలో పెట్టుకుని, ఫోన్ చెవికి ఆనించుకునే నన్ను అడిగింది. "సిస్టర్, మా ఆయన మందుల షాపు దగ్గర నిలబడి ఉన్నాడు. పాలసీసా తెమ్మంటారా, ఉగ్గుగిన్నె తెమ్మంటారా?" ఆమె బిడ్డ 31వ వారంలో 1,350 గ్రాముల బరువుతో పుట్టాడు. మా వార్డులో 32 రోజులు ఉండి, 1,780 గ్రాములతో ఆ రోజు ఇంటికి వెళ్తున్నాడు.

ఒంగోలులో పసిబిడ్డల వార్డులో నేను పదకొండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. దర్శి, పొదిలి, కనిగిరి, చీమకుర్తి వైపు నుంచి, ఒక్కోసారి కావలి నుంచి కూడా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు వస్తుంటారు. దాదాపు ప్రతి తల్లీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న అడుగుతుంది. షాపులో సీసా, గిన్నె పక్కపక్కనే వేలాడుతుంటాయి కాబట్టి ఏదైనా ఒకటే అనిపిస్తుంది. బిడ్డ నోటికి మాత్రం అవి రెండు వేరువేరు పనులు.

"ఎంత తాగాడు?" అని అందరూ అడుగుతారు. డాక్టర్ అడుగుతారు, అత్తగారు అడుగుతారు, షిఫ్టు మారేటప్పుడు నేనూ అడుగుతాను. "ఎలా తాగాడు?" అని అడిగేవాళ్లు తక్కువ. ఇష్టంగా తాగాడా, బలవంతాన మింగాడా? తాగాక హాయిగా పడుకున్నాడా, రొప్పుతూ పడుకున్నాడా? ఏ దారి ఎంచుకోవాలో తేల్చేది ఇదే. అందుకే నేను రాసేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు వారాలు లెక్కపెట్టండి

మన వైపు అందరిదీ నెలల లెక్క. "ఏడో నెల బిడ్డ బతుకుతాడు, ఎనిమిదో నెల బిడ్డ నిలవడు" అనే మాట వార్డు బయట బెంచీల మీద ఇప్పటికీ వినపడుతుంది. అది నిజం కాదు. కడుపులో ఎన్ని వారాలు ఎక్కువ ఉంటే బిడ్డకు అంత బలం. 37 వారాలు నిండకముందు పుడితే నెలలు నిండని బిడ్డ అంటాం. పుట్టిన వారానికి బయట గడిపిన వారాలు కలుపుకోవాలి. 30వ వారంలో పుట్టి మూడు వారాలైన బిడ్డ, పాలు తాగే విషయంలో 33 వారాల బిడ్డే. పక్క మంచం మీద 36వ వారంలో పుట్టి రెండో రోజే రొమ్ము పట్టిన బిడ్డను చూసి, "మావాడికి ఎందుకు రావట్లేదు" అని కళ్లనీళ్లు పెట్టుకున్న తల్లులు ఎంతమందో. ఆ ఇద్దరు బిడ్డలకూ పోలికే లేదు.

పాలు తాగడం మనకు చిన్న పనిలా కనిపిస్తుంది. ఆ బిడ్డకు అది మూడు పనులు. చప్పరించాలి, గుటక వేయాలి, ఊపిరి తీసుకోవాలి. గుటక పడేటప్పుడు ఊపిరి ఒక్క క్షణం ఆగాలి, వెంటనే మళ్లీ మొదలవ్వాలి. చప్పరించడం, మింగడం కడుపులో ఉన్నప్పుడే వస్తాయి. వాటిని ఊపిరితో జత కలపడం మాత్రం 32 నుంచి 34 వారాల మధ్య మెల్లగా కుదురుతుంది. అందుకే ఆస్పత్రుల్లో మామూలుగా ఒక వరస పాటిస్తారు. 28 వారాల్లోపు బిడ్డకు మొదట్లో రక్తనాళం ద్వారా ద్రవాలు, 28 నుంచి 31 దాకా పొట్టలోకి గొట్టం, 32 నుంచి 34 దాకా ఉగ్గుగిన్నె లేదా చెంచా, 34 దాటాక నేరుగా రొమ్ము.

ఇది కొలబద్ద మాత్రమే. 33 వారాలకే రొమ్ము పట్టి నాలుగు గుటకలు వేసిన బిడ్డలను చూశాను. ఊపిరితిత్తులు సరిగ్గా లేక చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డ, 36 వారాలకు కూడా గిన్నె దగ్గర అలసిపోవడం చూశాను.

గొట్టం ఉన్న రోజుల్లో ఏం ఎంచుకోవాలి

"బాక్సులో పెట్టారు" అనగానే ఇంట్లోవాళ్లు ఇక తమ పనేమీ లేదనుకుంటారు. గొట్టంతో పాలు వెళ్తున్నన్నాళ్లూ నోటికి పని లేదనుకుంటారు. నా లెక్కలో అసలు పని మొదలయ్యేది అప్పుడే.

ఆ చిన్న నోటికి ఏమేం జరుగుతాయో దగ్గర నుంచి చూడండి. పుట్టగానే కఫం లాగడానికి సన్నటి పైపు. తర్వాత నోట్లోంచి పొట్టలోకి గొట్టం. అది కదలకుండా బుగ్గ మీద ప్లాస్టర్. ప్లాస్టర్ మార్చినప్పుడల్లా ఉల్లిపొర లాంటి చర్మం లాగుతుంది. కొందరికి ఊపిరి గొట్టం కూడా. ఇవన్నీ ప్రాణం నిలబెట్టడానికి చేసేవే, తప్పించలేం. కానీ బిడ్డకు తెలిసిందల్లా నోటి దగ్గరకు చెయ్యి వస్తే నొప్పి వస్తుందని. నెల తర్వాత మనం గిన్నె పట్టుకుని "తాగు నాన్నా" అంటే మూతి తిప్పుకుంటాడు. మనం "మొండి" అంటాం.

అందుకే ఆ రోజుల్లో నోటికి మంచి స్పర్శలు కూడా అందాలి. మొదటిది ముర్రుపాలు. తల్లి చేత్తో పిండిన రెండు మూడు చుక్కలను శుభ్రమైన దూదిపుల్లతోనో సిరంజితోనో బుగ్గ లోపలివైపు అద్దుతాం. అవి మింగాల్సిన పని కూడా లేదు, రుచి, వాసన తెలిస్తే చాలు. గొట్టం మీద ఉన్న బిడ్డ కూడా నాలుక కదుపుతాడు, పెదాలు చప్పరిస్తాడు. ఆ కదలికను తల్లికి చూపించినప్పుడు ఆమె ముఖం చూడాలి. అప్పటిదాకా అద్దం బయట నిలబడ్డ మనిషి, ఆ క్షణం నుంచి తల్లిగా దగ్గరకు వస్తుంది.

రెండోది కంగారూ కేర్. బిడ్డను డైపర్, టోపీ, సాక్సులతో మాత్రమే తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా పడుకోబెట్టడం. 1978లో కొలంబియా దేశంలోని బొగొటా నగరంలో ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టర్, బిడ్డను వెచ్చగా ఉంచే బాక్సులు (ఇంక్యుబేటర్లు) చాలక ఈ పద్ధతి మొదలుపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం పుట్టాక వీలైనంత త్వరగా మొదలుపెట్టి, రోజుకు 8 నుంచి 24 గంటలు ఉంచాలి. రోజుకు గంటసేపు ఫొటో కోసం పెట్టుకుని తీసేయడం కంగారూ కేర్ కాదు. తల్లికి ఆపరేషన్ అయి లేవలేకపోతే తండ్రి పెట్టుకోవచ్చు, అమ్మమ్మ పెట్టుకోవచ్చు. పాల విషయంలో దీని లాభం ఏమిటంటే బిడ్డ రోజంతా రొమ్ము వాసనకు దగ్గరగా ఉంటాడు. ఒకరోజు తనంతట తానే తల అటు తిప్పి నాకుతాడు. మేం ఎదురుచూసేది దానికోసమే.

ఇక్కడ ఒక ఎంపిక వస్తుంది. గొట్టంతో పాలు వెళ్తున్నప్పుడు బిడ్డ నోటికి ఏదైనా చప్పరించడానికి ఇస్తే, పొట్ట నిండడానికీ నోటి పనికీ లంకె కుదురుతుంది. గొట్టం నుంచి నోటి పాలకు త్వరగా మారతాడు. పాలపీక (పాలు రాని ఉత్త పీక) ఇవ్వాలా, పాలు పిండేసిన రొమ్ము ఇవ్వాలా? తల్లి దగ్గరుంటే నేను రొమ్మే అంటాను. ముందు పాలన్నీ పిండి తీసేసి, ఖాళీ అయిన రొమ్ము మీద బిడ్డను పెడితే, ఊపిరికి ఇబ్బంది పెట్టే ధార ఉండదు. బిడ్డ నాకుతాడు, రెండుసార్లు చప్పరిస్తాడు, నిద్రపోతాడు. తల్లికి పాలు కూడా పెరుగుతాయి. తల్లి ఇంకో ఆస్పత్రిలో ఉన్నా, ఆమెకు ఒంట్లో బాగోకపోయినా చిన్న సైజు పాలపీక తప్పేమీ కాదు, అది ఆ కాస్త సమయానికి మాత్రమే. ఇంటికి వెళ్లాక ఏడుపు ఆపడానికి రోజంతా నోట్లో పెట్టి ఉంచితే, బిడ్డ ఆకలిని అడిగే దారి మూసేసినట్టవుతుంది.

నోటితో మొదలుపెట్టే రోజు

నేరుగా రొమ్ము మీద బిడ్డకున్న పెద్ద సౌకర్యం, వేగం తన చేతుల్లో ఉండడం. తాను చప్పరిస్తేనే పాలు వస్తాయి, ఆపితే ఆగుతాయి. మధ్యలో ఊపిరి తీసుకుంటాడు. చాలామంది అనుకునేదానికి ఇది తలకిందులుగా ఉంటుంది. "రొమ్ము తాగాలంటే బలం కావాలి, సీసా అయితే సులువు" అంటారు. మా మానిటర్ మీద చూస్తే, సీసాతో తాగేటప్పటికన్నా రొమ్ము మీద ఉన్నప్పుడే ఆక్సిజన్ అంకె నిలకడగా ఉంటుంది. ఇబ్బంది వేరే చోట ఉంది. మొదటి రోజుల్లో బిడ్డకు వెళ్లే పాలు తక్కువ. మూడుసార్లు చప్పరించి, ఒక నిమిషం ఆగి, మళ్లీ రెండుసార్లు చప్పరించి నిద్రపోతాడు. అది ఓడిపోవడం కాదు, ఆ వయసుకు తాగే పద్ధతే అంత. మిగతాది గిన్నెతోనో గొట్టంతోనో ఇస్తాం. తల్లికి పాలు ధారగా చిమ్ముతుంటే, మొదటి ధార కాస్త పిండేసి అప్పుడు పెట్టాలి. బిడ్డ ఎడమ రొమ్ము మీద ఉంటే కుడి చేత్తో మెడ, భుజాలు పట్టుకోవాలి. తల వెనక నుంచి నొక్కకూడదు, నొక్కితే బిడ్డ వెనక్కి విరుచుకుంటాడు.

తర్వాత ఉగ్గుగిన్నె. ఆస్పత్రిలో పాలడై అంటాం. మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న వస్తువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రొమ్ము పట్టలేని తక్కువ బరువు బిడ్డలకు కప్పు, ఉగ్గుగిన్నె లేదా చెంచా వాడమని 2011లోనే చెప్పింది. సీసా తగలకుండా గిన్నెతో నడిచిన బిడ్డలు ఇంటికి వెళ్లేటప్పుడు రొమ్ము మీద ఉండే అవకాశం ఎక్కువ. కడగడం సులువు, మూలలు ఉండవు, పది నిమిషాలు నీళ్లలో మరిగిస్తే చాలు. ఇంట్లో వెండి ఉగ్గుగిన్నె ఉంటే ముచ్చటగానే ఉంటుంది గానీ, చెక్కుడు పని ఉన్న చోట పాలు ఇరుక్కుంటాయి. నున్నటి స్టీలుది మేలు.

కానీ గిన్నె మంచిదైతే సరిపోదు, పట్టే చెయ్యి కూడా మంచిదవ్వాలి. కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, నోరు తెరవగానే పోసే పాత పద్ధతి నెలలు నిండిన బిడ్డకే మంచిది కాదు, ఈ బిడ్డకు ప్రమాదం. బిడ్డను గుడ్డలో చుట్టి, రెండు చేతులూ మూతి దగ్గర ఉండేలా చూసి, ఒడిలో సగం కూర్చున్నట్టు పట్టుకోవాలి. గిన్నె ముక్కును కింది పెదవి మీద, నోటి మూలకు ఆనించాలి. పాలు పెదవిని తాకేంత వరకే వంచి ఆగాలి. బిడ్డ నాలుక కొస బయటికి వస్తుంది, పాలను తడుముతుంది, లోపలికి లాక్కుంటుంది. గొంతు కింద చిన్న కదలిక. అది గుటక. అది కనిపించాకే రెండో చుక్క. మధ్యలో బిడ్డ ఆగితే గిన్నె అక్కడే ఉంచి మనమూ ఆగాలి.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, ఒంగోలు రాకముందు పనిచేసిన చోట, ఒక రాత్రి డ్యూటీలో పాలు పట్టాల్సిన బిడ్డలు ఎక్కువ, మనుషులం తక్కువ. 33 వారాల మగబిడ్డ. ఇంకా 4 ఎంఎల్ మిగిలింది. బిడ్డ వేళ్లు చాచాడు, కనుబొమలు ఎత్తాడు, నోటి మూల నుంచి పాలు కారుతున్నాయి. నాకు కనిపించింది గిన్నెలో మిగిలిన పాలు, గోడ మీద గడియారం. పోసేశాను. పొలమారింది. పెదాల చుట్టూ నీలం తిరిగింది, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. బిడ్డ కోలుకున్నాడు. కానీ మర్నాటి నుంచి గిన్నె పెదవికి తగిలితే చాలు వీపు విరిచి తల తిప్పేసేవాడు. ఐదారు రోజులు మళ్లీ గొట్టం. ఆ రోజుల్లో వాళ్లమ్మ గుండెల మీద పడుకుని నాకడం తప్ప ఇంకేమీ చేయించలేదు. తర్వాత మెల్లగా నోరు తెరిచాడు. 4 ఎంఎల్ కోసం ఆ బిడ్డ వారం రోజులు వెనక్కి వెళ్లాడు. ఆ తప్పు నాదే. ఇవాళ ఏ తల్లి గిన్నె వంచుతున్నా నా కళ్లు ముందు బిడ్డ వేళ్ల మీదకే వెళ్తాయి.

చెంచా కూడా గిన్నె లాంటిదే, కాకపోతే నెమ్మది. ఎక్కువ పాలు ఒలుకుతాయి. అంచు పదును లేని చిన్న స్టీలు చెంచా ఉంటే, రాత్రిపూట అత్యవసరానికి చాలు.

సీసా గురించి నిజాయితీగా చెప్పాలి. చాలామంది సీసా వైపు వెళ్లేది త్వరగా అవుతుందని. ఆ త్వరగా కావడమే సమస్య. తిరగేసి పట్టుకున్న సీసాలోంచి బిడ్డ చప్పరించకపోయినా పాలు కారుతూనే ఉంటాయి. ఊపిరి తీయాలంటే గుటక ఆపాలి, గుటక ఆపితే నోరు నిండిపోతుంది. పైగా పీక పట్టే తీరు వేరు, రొమ్ము పట్టే తీరు వేరు. రెండూ ఒకేసారి నేర్చుకోమంటే ఈ బిడ్డ తికమకపడతాడు. పీకలో, మరల్లో పాల జిడ్డు నిలుస్తుంది, మన ఎండలకు అది ఎంతసేపట్లో పాడవుతుందో చెప్పక్కర్లేదు. 1992 నాటి చట్టం ప్రకారం మన దేశంలో పాలసీసాలకు, డబ్బాపాలకు ప్రకటనలు ఇవ్వడం నిషేధం. ఎవరైనా ఉచితంగా శాంపిల్ చేతిలో పెట్టినా, తీసుకోకండి.

అయినా సీసా తప్పని ఇళ్లు ఉంటాయి. తల్లి లేని బిడ్డ, తల్లి ఐసీయూలో ఉన్న బిడ్డ, చూసుకునే ముసలావిడకు చేతులు వణికి గిన్నె పట్టలేని ఇల్లు. అలాంటప్పుడు తప్పు చేసినట్టు కుమిలిపోవద్దు. నెమ్మదిగా కారే పీక ఎంచుకోండి. బిడ్డను పక్కకు తిప్పి, తల ఎత్తుగా ఉండేలా ఒడిలో పడుకోబెట్టండి. సీసాను దాదాపు అడ్డంగా పట్టుకోండి. మూడు నాలుగుసార్లు చప్పరించాక సీసా కిందకు వంచి ఊపిరి తీసుకోనివ్వండి. దిండు ఆనించి సీసా వదిలేసి వంటింట్లోకి వెళ్లడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అంగిలి చీలిన బిడ్డకు పద్ధతి వేరు, దానికి ప్రత్యేకమైన సీసాలుంటాయి, డాక్టర్ దగ్గరే నేర్చుకోవాలి.

గడియారం చూసి పట్టాలా, బిడ్డను చూసి పట్టాలా

అడగందే అమ్మైనా పెట్టదు అంటారు. నెలలు నిండని బిడ్డ కూడా అడుగుతాడు, కాకపోతే గొంతు ఎత్తి అడగడు. నిద్రలో కళ్లు కదులుతాయి, సగం తెరుచుకుంటాయి. నాలుక బయటపెడతాడు. పిడికిలి మూతి దగ్గరకు తెచ్చుకుంటాడు. బుగ్గకు ఏది తగిలితే అటు తల తిప్పుతాడు. ఆ రెండు మూడు నిమిషాల్లో పెడితే బాగా తాగుతాడు. ఏడుపు దాకా వస్తే ఉన్న కాస్త శక్తి ఏడుపుకే పోతుంది, రొమ్ము దగ్గరకు వచ్చేసరికి నిద్రలోకి జారుకుంటాడు.

అలాగని పూర్తిగా బిడ్డకే వదిలేస్తే, ఈ వయసులో కొందరు ఆకలి మరిచి పడుకునే ఉంటారు. అందుకే నేను రెండూ కలుపుతాను. అడిగినప్పుడల్లా పెట్టాలి, కానీ ముందు పట్టినప్పటి నుంచి మూడు గంటలు దాటనివ్వకూడదు, డాక్టర్ రెండు గంటలని రాస్తే రెండు గంటలే. లేపేటప్పుడు అరికాళ్లు గోకడం, ముఖాన నీళ్లు చల్లడం వద్దు. చుట్టిన గుడ్డ వదులు చేసి, డైపర్ మార్చి, గుండెలకు ఆనించుకుంటే మెల్లగా లేస్తాడు.

ఆపమని కూడా బిడ్డే చెప్తాడు. వేళ్లు విప్పి చెయ్యి చాచడం, నుదురు ముడవడం, తల తిప్పడం, ఎక్కిళ్లు, వరసగా తుమ్ములు, ఆవలింతలు, పాలు మూల నుంచి కారడం. వీటిలో ఏది కనిపించినా ఆపి, భుజాన వేసుకుని ఆగాలి. రెండు నిమిషాల తర్వాత మళ్లీ అడిగితే పెట్టాలి. ముక్కుపుటాలు ఎగురుతున్నా, ఊపిరికి మూలుగు వచ్చినా, రంగు మారినా ఆ పూటకు నోటితో చాలు. ఎంత బాగా తాగే బిడ్డకైనా అరగంట మించి ప్రయత్నించకూడదు. తాగిన పాల బలం కన్నా తాగడానికి పడ్డ శ్రమ ఎక్కువైతే బరువు ఎలా పెరుగుతాడు?

ఐరన్ చుక్కల గురించి ఒక చిన్న మాట. రుచి బాగోదు. ఆకలిగా నోరు తెరిచిన బిడ్డకు మొదటగా అవి పడితే ఆ పూట మూతి బిగిస్తాడు. పాలకు ముందు కాకుండా, వేరే సమయంలో బుగ్గ పక్కనుంచి మెల్లగా ఇవ్వండి.

ఏ పాలు, ఎలా పిండాలి

తల్లిపాలు మొదటి ఎంపిక. ఆమెకు రాకపోతే, పాల బ్యాంకు అందుబాటులో ఉంటే శుద్ధి చేసిన దాత పాలు. అదీ లేకపోతే డాక్టర్ రాసిన, నెలలు నిండని బిడ్డలకు ప్రత్యేకంగా చేసిన డబ్బాపాలు. గేదెపాలు, ఆవుపాలు, నీళ్లు కలిపిన పాలు వద్దే వద్దు.

పుట్టిన ఆరు గంటల్లోపే పిండడం మొదలుపెట్టాలి. రోజుకు కనీసం ఎనిమిదిసార్లు, అందులో ఒకటి రాత్రిపూట. మొదటి మూడు నాలుగు రోజులు చేత్తోనే పిండండి. వచ్చేది ముర్రుపాలు కొన్ని చుక్కలే, పంపు గొట్టాలకే అంటుకుపోతాయి. పాలు పడ్డాక పంపు వాడుకోవచ్చు. కరెంటుతో నడిచేది కొంటే, కరెంటు పోయినప్పుడు చేత్తో పిండడం కూడా వచ్చి ఉండాలి. పిండిన పాలు గది వేడికి నాలుగు గంటలు ఉంటాయంటారు గానీ, రోహిణి కార్తెలో మన రేకుల ఇళ్లలో ఆ లెక్క పనికిరాదు. వెంటనే వాడాలి, లేదా ఫ్రిజ్ లోపలి భాగంలో పెట్టి 24 గంటల్లో వాడేయాలి. వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేయాలి, పొయ్యి మీద కాదు.

బాలింతకు నీళ్లు తగ్గించి, వెల్లుల్లి కారం, ఎండు అన్నంతో పథ్యం పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆమె దాహానికి నీళ్లు తాగాలి, పప్పు, కూర, గుడ్డు, పాలు తినాలి.

ఆముదం, వస, తేనె, గ్రైప్ వాటర్ ఏవీ ఈ బిడ్డ నోట్లో పెట్టకూడదు. ఈ మాట చెప్తే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. "మేం పెంచలేదా" అంటారు. వాళ్లతో వాదించడం నేను మానేశాను. బిడ్డను తెచ్చి ఆ అమ్మమ్మ గుండెల మీదే పెట్టి చీర కొంగుతో చుడతాను. గంట తర్వాత ఆమే ఎవరినీ దగ్గరకు రానివ్వదు.

మీ ఇంటికి ఏది కుదురుతుంది

రోజులో సగం పైగా రొమ్ము మీద తాగుతూ, ఇంకా పై పాలు (రొమ్ము తాగాక పైన పట్టే పాలు) అవసరమైన బిడ్డకు గిన్నె ఒక్కటి చాలు, సీసా కొనొద్దు. కవలలైతే పూటకొకరిని రొమ్ముకు పెట్టి, రెండోవాళ్లకు పిండిన పాలు గిన్నెతో ఇవ్వండి, తర్వాతి పూట మార్చండి. ఒక్కడే ఎప్పుడూ గిన్నె బిడ్డ అయిపోకూడదు.

టంగుటూరు, కొండపి వైపు పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లే తల్లులు త్వరగా పనిలో చేరాల్సి వస్తుంది. వెళ్లేముందు, వచ్చాక, రాత్రి రొమ్ము, మధ్యలో పిండిన పాలు గిన్నెతో. పనికి వెళ్లే వారం ముందే ఇంట్లో ఎవరు పాలు పడతారో వాళ్లకు మా దగ్గరే నేర్పించమని అడగండి. పని నుంచి వచ్చాక స్నానం చేసి, చీర మార్చుకునే బిడ్డను ఎత్తుకోవాలి. పొగాకు దుమ్ము ఒంటి మీద ఉండగా వద్దు.

ఇప్పటికే సీసాకు అలవాటైన బిడ్డను ఒక్కరోజులో మార్చొద్దు. రాత్రి నిద్రమత్తులో, ఆకలి మరీ ఎక్కువ కాకముందు రొమ్ము దగ్గర పడుకోబెట్టండి. పట్టకపోతే బలవంతం వద్దు, వాసన చూసినా ఆ రోజుకు లాభమే. ఏడుస్తున్న బిడ్డ నోట్లో రొమ్ము కుక్కితే రొమ్మంటేనే భయం పట్టుకుంటుంది.

పై పాలు ఎప్పుడు తగ్గించాలో తూకం చెప్తుంది. రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతూ, రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తుంటే, ఒక పూట తగ్గించి నాలుగు రోజులు చూడండి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల లెక్కన ఇంటికి వస్తుంది. ఆమె దగ్గర తూకం ఉంటుంది, బిడ్డకు పాలు పట్టేటప్పుడు ఆమెను పక్కన కూర్చుని చూడమని అడగండి. బిడ్డ వరసగా రెండు పూటలు తాగకపోయినా, పాదాలు చల్లబడినా, నిమిషానికి 60 కన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, పెదాలు నీలంగా మారినా, లేపినా లేవకపోయినా తెల్లవారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, బిడ్డను గుండెలకు చర్మం తగిలేలా ఆనించుకునే బయల్దేరండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఏడాదిలోపు బిడ్డకు జబ్బు చేస్తే వైద్యం ఉచితం, డబ్బుల లెక్క చూసుకుని ఆలస్యం చేయొద్దు.

కొత్తపట్నం ఆమెకు ఆ రోజు గిన్నె తెప్పించమనే చెప్పాను. వాళ్లాయన స్టీలుది తెచ్చాడు. ముగ్గురం వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాం. మొదటిసారి ఆమె చెయ్యి వణికింది, పాలు గుడ్డ మీద పడ్డాయి. రెండోసారి బిడ్డ వేళ్లు చాపితే ఆమే ఆపింది, నేను చెప్పకముందే. మూడు వారాల తర్వాత తూకానికి వచ్చినప్పుడు బిడ్డ 2,310 గ్రాములు. గిన్నె వాడుతున్నారా అని అడిగితే, "రాత్రి ఒక్కసారే సిస్టర్, అదీ వాళ్ల నాన్న పడతాడు. నన్ను పడుకోమంటాడు" అంది. బిడ్డ అప్పటికే పిడికిలి మూతికి పెట్టుకుని ఆమె జాకెట్టు వైపు తల తిప్పుతున్నాడు. మాట మధ్యలో ఆపి, పక్కకు తిరిగి కూర్చుంది.